వాడంతా ఒకటే గంజి

ఎనభైల మొదట్లో నేను సుబేదారిలో ఒక ఆఫీసులో టెంపరరీ ఉద్యోగిని. నేతవాళ్ల కోసం కొత్తగా వచ్చిన గంజిపొడి పనికొస్తుందో లేదో మట్టెవాడలో తేల్చడం నా పని. పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు దారాలకు, గంజి బాగా పడితే అవి తెగవు, బట్ట త్వరగా దిగుతుంది. పాత గంజికైతే పిండి నానబెట్టి, పొయ్యి దగ్గర నిలబడి చేతులు పడిపోయేలా కలపాలి. పొడిని వేడినీళ్లలో వేస్తే చాలు.

మా ఆఫీసరు కుర్చీలోంచి లేవకుండానే ప్లాను వేసేశాడు.

"ఇల్లు విడిచి ఇంటికి పొడి ఇవ్వవయ్యా. మిగతావాళ్లు పాత గంజే వాడతారు. ఎవరి బట్ట ఎక్కువ దిగిందో చూద్దాం."

చెప్పడానికి ఆయనదేం పోయింది? నేతవాళ్ల వాడ ఎన్నడైనా చూస్తే కదా! అక్కడ పడుగును వీధి పొడుగునా సాగదీసి కడతారు. ఎండ ముదరకముందే ఇంటికొకరు వచ్చి, అటూ ఇటూ నిలబడి కుంచెలతో గంజి పట్టిస్తారు. ఇవాళ నీ పడుగు, రేపు నా పడుగు. గంజి కూడా ఒకే గుండిగలో కాగుతుంది. అది కాచేది వాడ చివరింటి పెద్దమ్మ. కలిపి కలిపి ఆమె కుడి భుజం పైకి లేవడమే మానేసింది. కొప్పు ముడవాలన్నా కోడలు రావాల్సిందే.

నేనిచ్చిన పొట్లాలన్నీ ఆ గుండిగలోకే పోయాయి, పాత పిండితో సహా.

"ఇదేంది పెద్దమ్మా, పొడి ఇచ్చినోళ్లకే కలపమన్న గద!" అని తల బాదుకున్నాను.

"ఒక్క వాడల రెండు గంజులు కాస్తరా బిడ్డా? పక్కింటోళ్లకు ఏం మొఖం సూపియ్యాలె?" అంది.

అందరికీ ఒకే గంజి పడితే అందరి బట్టా ఒకేలా దిగుతుంది. ఆఫీసరు మాత్రం "తేడా ఏమీ లేదే!" అని ఆశ్చర్యపోయాడు. నాకు ఒళ్లు మండింది. ఇళ్లను కాదు, వాడలకు వాడలనే పంచాలని, కొన్ని వాడలకు పొడి, కొన్నింటికి పాత గంజి చీటీలు వేసి ఇవ్వాలని మొత్తుకున్నాను. చివరికి సగం ఒప్పుకుని రెండే రెండు వాడలన్నాడు.

"రెండు చాలవు సార్. ఇళ్లెన్ని ఉన్నా వాడ ఒక్కటే లెక్క. ఒకింట్లో ఏదన్నా అయితే వాడంతా ఆగిపోతుంది."

"ఊరంతా తిరగడానికి జీపులో డీజిలు మీ నాన్న పోయిస్తాడా?"

చీటీలో పొడి పెద్దమ్మ వాడకు వచ్చింది. పొయ్యి దగ్గర ఆమె పని చిటికెలో అయిపోతోంది. బట్ట కూడా బాగానే దిగుతోంది. ఒకరోజు నన్ను ఆపింది.

"జర పాణం నిమ్మలంగుంటాంది బిడ్డా. ఈ పొడి మాకు ఉండేటట్టు సూడు, నీకు పుణ్యముంటది."

ఆ తర్వాత కొన్నాళ్లకే ఆమె పెనిమిటి పోయాడు. శవం వెళ్లిన వీధిలో దినాలు అయ్యేదాకా ఎవరూ పడుగు కట్టరు. మగ్గాల మీదున్న పడుగులు అయిపోగానే వాడంతా చేతులు ముడుచుకుని కూర్చుంది. రెండో వాడలో నేత సాగుతూనే ఉంది.

ఆఫీసరు రెండు వాడల బట్టా పక్కపక్కన పెట్టి చూసి, పొడి పనికిరాదని తేల్చేశాడు.

"మనిషి పోయాడు సార్, అందుకే మగ్గాలు ఆగినై!"

"పోయింది ఒక్కింట్లో కదయ్యా. మిగతా ఇళ్లకేం రోగం?"

గోడకు చెప్పుకున్నా నయమే. ఒకింట్లో ఏదన్నా అయితే వాడంతా ఆగుతుందని నేను ముందే మొత్తుకున్నాను. మిగిలిన పొడి వెనక్కి తెమ్మన్నాడు. దినాలయ్యాక నేనే వెళ్లాల్సి వచ్చింది.

పెద్దమ్మ పొట్లాలన్నీ తెచ్చి నా ముందు పెట్టింది. పొయ్యి మీద పాత గుండిగ అప్పటికే ఎక్కింది. ఎడమచేత్తో తెడ్డు పట్టుకుని, నా మొహంలోకి చూసింది.

"మా ముసలాయన పోయిండు గని, పొడికేమైంది బిడ్డా?"