పాస్టరుగారి ఫోనుకు నేను చేసిన వైద్యం

మా అక్క పెళ్లి పీకల మీదికి తెచ్చినవాణ్ణి నేనే. పెళ్లికొడుకు అలగలేదు, తుఫాను రాలేదు. నా రెండు వేళ్లే సరిపోయాయి. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ఫోనుల్లో దాగి ఉండే కోడ్లన్నీ వీడియోలు చూసి నేర్చుకుని, మా ఊరు బోగోలు అంతటికీ డాక్టరులా తిరిగేవాణ్ణి. ఎవరి ఫోను దొరికినా స్టార్, హాష్ నొక్కి పరీక్షల తెర తెప్పించి, ఎరుపూ పచ్చా రంగులు చూపించి, "డిస్‌ప్లేకి ప్రాణభయం లేదన్నా" అని ధైర్యం చెప్పేవాణ్ణి. వాళ్లు భయపడ్డారా అని మాత్రం నన్నడక్కండి.

పెళ్లిరోజు చర్చిలో కొత్త పాస్టరుగారు దొరికారు. ఆయన చేయించే మొదటి పెళ్లి అది. ప్రమాణాలతో సహా అన్నీ ఫోనులో టైపు చేసుకుని చెమటలు తుడుచుకుంటున్నారు. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నేను పట్టపగలే ఆయన ఫోను పట్టాను.

"రెండు సౌండు బటన్లూ కలిపి నొక్కితే ఏమవుతాదో తెలుసా అయ్యగారూ?"

"ఇప్పుడొద్దులే తమ్ముడూ, పెళ్లికూతురు వచ్చేస్తా ఉంది."

"ఒక్క నిమిషం!"

నొక్కి పట్టాను. అది అడిగినదానికల్లా 'సరే' కొట్టాను. అంతే, ఫోనుకు మాటలొచ్చాయి. చూపు లేనివాళ్లకు తెర మీదున్నదంతా చదివి వినిపించే ఏర్పాటట అది. వేలు పెడితే చదువుతుంది గానీ తెరుచుకోదు. ఆపడం నాకు చేతకాలేదు. ఈలోగా అక్క వచ్చి నిలబడింది, పాట అయిపోయింది, అయ్యగారు మైకు ముందు నిలబడ్డారు. ప్రమాణాల కోసం తెర తాకారు. ఫోను ఆయన భార్య పంపిన మెసేజీని చర్చి మొత్తానికీ చదివింది: "లడ్డు ముట్టుకోబాకండి. మొన్న తిన్న నాలుగూ చాలు."

జనం గొల్లుమన్నారు.

"ఏం చేసినావురా?" అంది అక్క మేలిముసుగులోంచి.

"ఇప్పుడే సరిచేస్తానక్కా!" అని ఉరికి ఎడాపెడా నొక్కాను. "బటన్. బటన్. బటన్," అంది ఫోను. ప్రమాణాలు లేకుండా పెళ్లెక్కడిది? అక్క కళ్లలో నీళ్లు చూశాక నాకూ నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు పాటల బృందంలోంచి సువార్తక్క లేచింది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు.

"ఇట్టియ్యండి అయ్యగారూ. నా ఫోను పొద్దస్తమానం ఇట్టానే మాట్లాడతాది."

ఫోను చెవికి ఆనించుకుంది. వల అల్లే చేతుల్లా ఆమె వేళ్లు తెర మీద చకచకా కదిలాయి. ఫోను గొంతు ఎంత వేగంగా పెట్టిందంటే నాకొక్క ముక్కా అర్థం కాలేదు. ఆమె మాత్రం విని, "కష్టమైనా సుఖమైనా నీ చెయ్యి వదలను," అని నిదానంగా పలికింది. పాస్టరుగారు ఆమె వెనక పలికారు, బావ ఆయన వెనక పలికాడు. ఒక్క మాట తడబడలేదు. ఫోను గురించి నాకే అంతా తెలుసనుకున్న నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. అంత గొప్ప పనితనం మళ్లీ ఎక్కడా చూడలేదు.

భోజనాల దగ్గర సువార్తక్కను అడిగాను: "అక్కా, దాన్ని ఆపడం నీకు తెలీదా?"

"తెలీకేం? చిటికెలో పని."

"మరి ఆపలేదేం?"

"ఆపుంటే, నేనే బాగుచేసినానని ఊరంతా చెప్పుకునేవాడివి గదా అబ్బయా!"

కాబట్టి పెద్దలందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: పరాయి ఫోను మీద ఇక వేలు పెట్టను. సువార్తక్క పక్కన లేకపోతే నా ఫోను మీద కూడా పెట్టను.