చాకవేలు ఆవులు, నేను అతికించిన పాట

ఒకానొక సాయంత్రం బాగేపల్లి దగ్గరి చాకవేలు అనే పల్లె నుంచి డెయిరీకి ఒక్క చుక్క పాలు వెళ్లలేదు. కరువు వచ్చి కాదు, ఆవులకు రోగం వచ్చి అంతకంటే కాదు. నా వల్ల. ఆవు దగ్గరికి వెళ్లాలంటేనే భయపడే నేను, మా ఊరు చిక్కబళ్ళాపురంలో ఒక కంప్యూటర్ ముందు కూర్చుని ఇంతటి ఘనకార్యానికి పునాది వేశాను. ఎలాగో చెబుతాను. నవ్వేవాళ్లు ఇప్పుడే కాస్త నవ్వేసుకోండి, అంతా ఒకేసారి నవ్వితే నాకు సిగ్గేస్తుంది.

అప్పుడే నా డిగ్రీ అయిపోయింది. బెంగళూరు వెళ్లి సినిమా, మీడియా చదవాలని కోరిక. మా నాన్న ఒప్పుకోలేదు. "సినిమా చూసేదానికి టికెట్టు చాలు కదరా, కాలేజీ ఎందుకు?" అనేవాడు. మా ఊరి లైబ్రరీలో వెతికితే సినిమా గురించి దొరికింది చిరిగిన పాటల పుస్తకం ఒక్కటే. సరిగ్గా ఆ రోజుల్లోనే బస్టాండు దగ్గర బ్రౌజింగ్ సెంటర్ తెరిచారు.

మొదటి రోజు 'ఫిల్మ్' అని కొడితే హీరోయిన్ల బొమ్మలు వచ్చాయి. వాటిని కూడా కొంతసేపు శ్రద్ధగా అధ్యయనం చేశాను, అబద్ధమెందుకు. వెతగ్గా వెతగ్గా ఒకనాడు ఎక్కడో దూరదేశపు విశ్వవిద్యాలయం తన సినిమా పాఠాలన్నీ జనం కోసం ఊరికే పెట్టేసిన పేజీ దొరికింది. ఊరికే అంటే నిజంగా ఊరికే. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ పేజీ ఒక్కో వరుసా మెల్లగా దిగుతుంటే, పక్కవాడు ఎక్కడ చూసి పంచుకుంటాడోనని చెయ్యి అడ్డం పెట్టుకుని చదివాను.

సెంటర్ నడిపే ఆయన వచ్చాడు. "ఏమప్పా, ఏం చూస్తాండావు? చెయ్యి తియ్యి."

తీశాను. బొమ్మ ఒక్కటి కూడా లేని ఇంగ్లీషు పేజీ చూసి ఆయనకు అనుమానం ఇంకా పెరిగింది.

ఆ పాఠాల్లో నాకు బాగా ఎక్కింది ఒకే ఒక ముక్క. దర్శకుడు ఏదీ ఊరికే పెట్టడట. ఒక్క షాటు తీసేసినా సినిమా ప్రాణం పోతుందట. ఇక నన్ను పట్టడం ఎవరి తరం కాలేదు. అమ్మ పులుసు వడ్డిస్తూ సంగటి ముద్ద మధ్యలో గుంట చేస్తే, "ఆ గుంట ఎందుకు పెట్టావమ్మా, అర్థమేమిటి?" అని అడిగే స్థితికి వచ్చాను. "పులుసు కారిపోకుండా నాయనా" అంది అమ్మ, నా నుదురు తాకి చూస్తూ.

మా నాన్న ఎవరి మాటైనా వింటాడంటే అది మా మామ మాటే. మామ అంటే అమ్మ తమ్ముడు, బాగేపల్లిలో థియేటర్ నడిపేవాడు. ఆయన్ను పట్టుకున్నాను.

"నా కాడ నాలుగు దినాలుండు అల్లుడా" అన్నాడు. "నీకు నిజంగా సినిమా పిచ్చి ఉండాదా లేదా చూస్తా. ఉంటే మీ నాయనతో నేనే మాట్లాడతా."

అంటే నా బెంగళూరు భవిష్యత్తంతా ఇప్పుడు మామ చేతిలో ఉందన్నమాట. ఎగిరి గంతేసి బాగేపల్లి బస్సెక్కాను.

వెళ్లిన రోజే ప్రొజెక్టర్ గదిలో ఘోరం చూశాను. కొత్త సినిమా రీళ్ల పెట్టె వచ్చింది. ఆపరేటర్ వెంకటరవణ చేతిలో కత్తెర. మామ పక్కన నిలబడి కూరగాయలు తరిగించినట్టు చెబుతున్నాడు.

"ఆ కొండ మీది పాట తీసెయ్. ఆసుపత్రిలో తల్లి ఏడ్చేది సగం చాలు. ఆ కమెడియన్ కోడిని తరిమేది కూడా వద్దు."

"మామా, ఇది హత్య" అన్నాను.

"ఎవర్రా చచ్చింది?"

"సినిమా."

"చచ్చిందా? నిన్నటి సినిమాకూ ఇదే చేసినా. హౌస్‌ఫుల్లు."

"దర్శకుడు ఆ పాట అక్కడే ఎందుకు పెట్టాడో ఆలోచించావా?"

"ఆ దర్శకుడు ఎప్పుడన్నా బాగేపల్లికొచ్చి మ్యాట్నీ వేసినాడా?" అని, కోసిన ముక్కలన్నీ ఒక డబ్బాలో వేసి మూత పెట్టాడు మామ. పెట్టె తిరిగి పంపే రోజు మళ్లీ అతికించి పంపేవారు.

ఆ డబ్బా నన్ను పిలిచినట్టే ఉండేది. మూడో రోజు మామకు చింతామణిలో పెండ్లి పడింది. "ఉన్నది ఉన్నట్టు నడిపించు. దేన్నీ తాకొద్దు" అని నాకు తాళాలిచ్చి వెళ్లాడు. ఆ బస్సు మలుపు తిరగకముందే నేను మేడ మీది ప్రొజెక్టర్ గదికి పరిగెత్తాను.

"అన్నా, ముక్కలన్నీ అతికించు."

వెంకటరవణ తల గోక్కున్నాడు. "మీ మామ వద్దన్నాడు కదప్పా. మ్యాట్నీ లేటయితే..."

"కళకు గడియారం లేదన్నా."

"అది కాదప్పా, చాకవేలు..."

"దేశమేదైనా, ఊరేదైనా కళ ఒక్కటే" అన్నాను. చూడండి, ఎంత గొప్పగా మాట్లాడేవాణ్నో.

"సరే, ఇంటర్నెట్టు చదివినోడివి" అని అతను ముక్కలు అతికించాడు.

మ్యాట్నీ మొదలైంది. నేను గోడకు ఆనుకుని జనాన్ని చూస్తున్నాను. కొండ మీది పాట రాగానే, అంతకుముందే ఆ సినిమా చూసి వెళ్లి మళ్లీ వచ్చినవాళ్లు లేచి నిలబడిపోయారు. "ఈ పాట యాడుండె ఇన్ని దినాలు?" అని ఒకాయన గట్టిగా అడిగాడు. ఈలలు, చప్పట్లు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా పాఠాలు నిజం. ఆ దూరదేశపు పంతులు ఆ క్షణాన బాగేపల్లిలో ఉంటే నన్ను కౌగిలించుకుని ఉండేవాడు.

సినిమా సాగింది. బాగా సాగింది. బయట బస్సు హారన్ మోగడం మొదలైంది. సినిమాలో ఆసుపత్రి సీను నడుస్తోంది కాబట్టి, వీధి చప్పుడు కూడా దర్శకుడే పెట్టాడని మెచ్చుకున్నాను. కాసేపటికి తలుపు తోసుకుని చాకవేలు బస్సు డ్రైవర్ నారాయణప్ప వచ్చాడు.

"ఏమప్పా, ఇంకా వదల్లేదు? నా బస్సు అప్పుడనంగా పోవాల."

అంతలో కమెడియన్ కోడిని తరమడం మొదలుపెట్టాడు. నారాయణప్ప తెర వైపు చూసి ఆగిపోయాడు. "ఇది నేను చూడనే లేదే" అని ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

అసలు ప్రమాదం గంగులమ్మ రూపంలో లేచింది. చాకవేలు ఆడవాళ్లందరినీ మ్యాట్నీకి తీసుకొచ్చే పెద్దమనిషి ఆమె. ఆసుపత్రి సీనులో తల్లితో పాటు తానూ పూర్తి నిడివి ఏడ్చి, కళ్లు తుడుచుకుని, పక్కామె చేతి గడియారం చూసింది.

"అయ్యో, ఆవులు" అంది.

ఆ ఒక్క మాటకు సగం హాలు లేచింది. సరిగ్గా అప్పుడే తెర మీద ఆఖరి ఫైటు మొదలైంది. లేచిన సగంలో సగం మళ్లీ కూర్చుంది.

"పోదాం పాండమ్మా, పాలు పితకాల. బస్సు పోతాది" అని గంగులమ్మ.

"నేను లేకుండా బస్సు యాడికి పోతాదమ్మా? కూచో" అన్నాడు నారాయణప్ప, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

సినిమా పూర్తిగా, ఒక్క ఫ్రేము కూడా పోకుండా ముగిసింది. అందరూ బస్సు వైపు పరిగెత్తారు. ఖాళీ హాల్లో వెంకటరవణ తాపీగా చెప్పాడు. "మీ మామ పాట కోసేది అందుకేప్పా. పాట పోతే మ్యాట్నీ బిరీన వదుల్తాది. అప్పుడు బస్సు టైముకు పోతాది, పాలు డెయిరీకి పోతాయి."

"ముందే చెప్పొచ్చు కదన్నా?"

"చెప్పబోతిని. కళకు గడియారం లేదంటివి."

మర్నాడు పొద్దున మొదటి బస్సులో గంగులమ్మ, ఆమె వెనక అరడజను మంది ఆడవాళ్లు దిగారు. అందరి చేతుల్లో బిందెలు, క్యాన్లు. వరసగా థియేటర్ మెట్ల మీద పెట్టారు.

"ఏమప్పా, పాట చూపించినోడివి నువ్వే కదా?"

"అవునమ్మా."

"పాట బాగుండాది. ఇదిగో పెరుగు."

"పెరుగెందుకమ్మా?"

"మేము పోయేతలికి డెయిరీ మూసేసిరి. పాలన్నీ తోడు పెట్టినాము. ఇంత పెరుగు మేమేం చేసుకునేది? నీ వల్ల మిగిలింది, నువ్వే తిను." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఈ పొద్దు కూడా ఆ పాట వేస్తావా?"

నేనొక్కణ్నే ఒక ఊరి పెరుగు ఎలా తినేది? నీళ్ల డ్రమ్ములో పోసి, ఉప్పు వేసి, వెంకటరవణతో కవ్వం తిప్పించి, మ్యాట్నీకి వచ్చిన ప్రతివాళ్లకూ గ్లాసు మజ్జిగ పోస్తూ గేటు దగ్గర నిలబడ్డాను. మామ సరిగ్గా అప్పుడే బస్సు దిగాడు.

ఆయన డ్రమ్మును చూశాడు, క్యూను చూశాడు, నా మోచేతుల దాకా ఉన్న పెరుగును చూశాడు.

"నేను పెండ్లి నుంచి వస్తాండానా, పెండ్లికి వస్తాండానా?" అన్నాడు.

జరిగింది చెప్పాను. అరుస్తాడనుకున్నాను. ఆయన ఒక గ్లాసు మజ్జిగ తాగి, లోపలికి వెళ్లి మా నాన్నకు ఫోన్ చేశాడు. తలుపు బయట నిలబడి విన్నాను. అంతా అయిపోయింది, బెంగళూరు లేదు, కాలేజీ లేదు అనుకుంటూ విన్నాను.

"బావా, వానికి సినిమా పిచ్చి నిజమే. చూసినా. వాణ్ని బెంగళూరుకే పంపించు." అవతల మా నాన్న ఎందుకని అడిగినట్టున్నాడు. మామ నిట్టూర్చాడు. "పెద్ద ఊరు బావా. అక్కడెవరికీ ఆవులుండవు."

అలా నాకు సినిమా చదువు దక్కింది. ఇప్పుడు నా ఉద్యోగం ఎడిటింగ్. దర్శకులు ప్రాణం పెట్టి తీసిన పాటలను కోయడమే పని. వాళ్లు "ఇది హత్య" అంటే, "మీరు ఎప్పుడైనా బాగేపల్లిలో మ్యాట్నీ వేశారా?" అని అడుగుతాను. మజ్జిగ గ్లాసు మీద చెయ్యి వేసి, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇంట్లో పాలిచ్చే ఆవు ఉన్న మనిషికి ఈ జన్మలో పూర్తి సినిమా చూపించను.