గోరింట కంచెకు పట్టిన తెల్లబూజు

మదనపల్లెలో మా మేడమీది కుండీలో గోరింట పూసింది. మెట్లెక్కుతుండగా ఆ వాసన తగిలితే చాలు, పుంగనూరు పక్కన మా ఊళ్లోని మల్బరీ తోట, దానిచుట్టూ మనిషెత్తు పెరిగిన గోరింట కంచె, ఆషాఢం రాగానే గిన్నెలు పట్టుకొని ఆకు దూయడానికి వచ్చే ఆడవాళ్ల కబుర్లు, కంచెలోకి తలదూర్చి తిట్లు తినే మేకలు, అన్నీ కళ్లముందు నిలుస్తాయి.

ఆ కంచె వేసింది మా అవ్వ, నాయనకు తల్లి. ఒక ఏడాది వానలు వెనకబడి, ఎండకు కంచె కొసలు ముడుచుకుపోయి, ఆకుల అడుగున తెల్లటి బూజు కమ్మింది. ఇంట్లో పట్టుపురుగులు గూడు కట్టే దశకు దగ్గరపడి, వాన కురుస్తున్నట్టు చప్పుడు చేస్తూ మల్బరీ ఆకు మేస్తున్నాయి. కంచెకు మందు కొడితే గాలికి మల్బరీ మీద పడుతుంది, ఆ ఆకు తిన్న పురుగు బతకదు. కొట్టకపోతే ఆ తెగులు మల్బరీకే పాకుతుంది. మా నాయన ముల్లు గుచ్చుకుంటే కాలే తీసేద్దామనే రకం. కంచెను మొదలంటా నరికేస్తానని కొడవలి తీశాడు.

అవ్వ పోట్లాడలేదు. కంచె దగ్గర గొంతుక్కూర్చుని, కొమ్మ వెంబడి పైకి పోతున్న చీమల బారును చాలాసేపు చూసింది. అవి బూజు దగ్గరే ఆగుతున్నాయి. ఆకు తాకితే వేలికి పాకంలా అంటుకుంది.

"ఇది బూజు కాదప్పా, పురుగు. దీని తీపికే చీమలు వస్తాండాయి. కొసలు చెడితే కంచెనంతా యాల నరికేది?"

"మల్బరీకి ఎక్కితే?" అన్నాడు నాయన.

"ఎక్కితే నేనే నరుకుతా."

అన్నదంటే చేసే మనిషే. ముడుచుకున్న కొసలన్నీ తుంచి, ఒక్కటీ కింద రాలనీయకుండా గోతంలో వేసుకుపోయి పొయ్యిలో పెట్టింది. గాలి లేని పొద్దునపూట ఆకుల అడుగు తడిసేలా కిందినుంచి నీళ్లు చిమ్మి, చీమలు ఎక్కకుండా మొదళ్ల చుట్టూ బూడిద పోసింది. ఆ చేతులతో పట్టుపురుగుల గదిలోకి పోలేదు, స్నానం చేసి చీర మార్చుకున్నాకే తట్టలు ముట్టింది. ఆ ఓపిక తలచుకుంటే నాకు ఇప్పటికీ అబ్బురమే. పురుగులు గూళ్లు కట్టేదాకా రోజూ అదే పని. మల్బరీ చల్లగా ఉండిపోయింది, మొదటి వానకు కంచె మళ్లీ చిగురించింది. ఆ తర్వాత నాయన అవ్వను అడగకుండా దానిమీద కొడవలి వేయలేదు.

ఇప్పుడు అవ్వ లేదు. మల్బరీ ఉన్నచోట టమాటా, కంచె ఉన్నచోట ఇనుప తీగ. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కంచె పోతుందని తెలిసి, నాయన విరిచి తెచ్చిచ్చిన కొమ్మే ఈ కుండీలోది.

నిన్న దాని ఆకు కింద తెల్లగా కనిపించింది. మా ఆయన మందు సీసా తెచ్చిచ్చాడు. మందు కొడితే చచ్చిపోవడానికి మా ఇంట్లో పట్టుపురుగులు లేవు. అయినా మూత తీయబుద్ధి కాలేదు. వంగి, ముందు చీమలు ఎటు పోతున్నాయో చూశాను.