చిటికెడు రొయ్యపొట్టు

నాకు రొయ్యలు పడవని పెళ్ళిచూపుల్లోనే చెప్పేశాను. మగపెళ్ళివారిది అంతర్వేది దగ్గర రొయ్యల చెరువులున్న ఇల్లు. కాబోయే మావగారు పకపకా నవ్వి, "అయితే మాకో వాటా మిగిలినట్టేనమ్మా" అన్నారు.

అత్తగారు మాత్రం నవ్వలేదు. నేను కాపురానికి వెళ్ళేసరికి నాకోసం కొత్త గిన్నె, కొత్త గరిటె కొని విడిగా పెట్టి ఉంచారు. పలివెల పక్కనున్న మా పుట్టింట్లో కూడా నాకింత మర్యాద జరగలేదు, నిజం చెప్పొద్దూ.

ఆ ఇంట్లో కోడలికి రోజూ మొదటి ముద్ద అత్తగారే కలిపి నోట్లో పెట్టడం అలవాటు. ఒక మధ్యాహ్నం ఆనపకాయ కూర కలిపి పెట్టారు. ఎంత బాగుందో! రెండో ముద్ద అడిగి మరీ తిన్నాను. కాసేపటికి అరచేతులు దురద పెట్టాయి, మెడ మీద దద్దుర్లు లేచాయి, పెదాలు బూరెల్లా పొంగాయి. పైత్యం దద్దుర్లనుకుని, రుద్దితే అణుగుతాయని ఆవిడ ముతక గొంగళి తెచ్చి నా వీపు రుద్దడం మొదలుపెట్టారు. గొంతు బిగుసుకుని నాకు మాట రాకపోయేసరికి గొంగళి పారేసి కేకలు వేశారు. మా ఆయన మమ్మల్నిద్దరినీ కారెక్కించుకుని రాజోలు ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

ఇంజెక్షన్ చేశాక ఊపిరాడింది. ఏం తిన్నానని డాక్టరుగారు అడిగారు.

"ఆనపకాయేనండీ. రొయ్య ఒక్కటి కూడా వెయ్యలేదండీ" అన్నారు అత్తగారు ఏడుస్తూ. "రుచికని చిటికెడు రొయ్యపొట్టు వేసేను, అంతేనండీ."

"పొట్టంటే రొయ్యే కదమ్మా?"

"పొట్టు పొట్టేనండీ. అది రొయ్యెలా అవుద్దండీ?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ తీరం ఇళ్ళలో ఆ ఎండు రొయ్యల పొట్టు ఉప్పూ కారంతో సమానం.

డాక్టరుగారు కసురుకోలేదు. "ఇంటికొకరుంటారండీ ఇలాంటివాళ్ళు. ఒకరికి దుమ్ము పడక తుమ్ములు, ఒకరికి కళ్ళమ్మట నీళ్ళు, ఇంకొకరికి వంకాయ తింటే దురద. కానీ పెదాలు వాచి గొంతు పట్టేస్తే మాత్రం క్షణం ఆగకూడదు" అన్నారు. అత్తగారు ప్రతి మాటకీ "ఆయ్, ఆయ్" అంటూనే ఉన్నారు.

ఆ రోజే పొట్టు డబ్బా వంటింట్లోంచి మాయమైంది. కూర చప్పగా ఉందని మావగారు సణిగితే అత్తగారు, "మీకు కొబ్బరిపీచు దుమ్ము పడనట్టే ఆ పిల్లకి రొయ్య పడదు. తినండి" అన్నారు.

కానీ నాకు ముద్ద పెట్టడం మానేశారు. "నువ్వే కలుపుకు తినమ్మా" అని దూరంగా కూర్చునేవారు. దద్దుర్లకంటే అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

కొన్నాళ్ళు ఓపిక పట్టి, చివరికి నా కంచం తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను.

"ఆకలేస్తోంది అత్తయ్యగారూ."

"ఇంకా నా చెయ్యి నమ్ముతావేంటమ్మా?"

నేను నోరు తెరిచాను.

ఆవిడ లేచి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కున్నారు. వేళ్ళు వాసన చూసుకుని మళ్ళీ కడుక్కున్నారు. పప్పన్నం కలిపి ముద్ద పెట్టి, నేను మింగాక కూడా నా పెదాల వైపే చూస్తూ కూర్చున్నారు. ఆవిడ కంచంలో అన్నం చల్లారిపోతోంది.

"నాకేం కాలేదండీ, మీరు తినండి" అన్నాను.

"ఇంకాసేపు చూస్తానమ్మా" అన్నారు.