ఇంట్లో ఎంతమంది?

మా సేవా క్లబ్బులో టీచరమ్మ ఎవరికేమిచ్చినా ముందు ఒకటే అడిగేది: "ఇంట్లో ఎంతమంది?" పోర్ట్‌బ్లెయిర్ దగ్గరి చౌల్దారీ ఊళ్లో దుప్పట్లు పంచినా, డైరీ ఫార్మ్ పేటలో బియ్యం పంచినా అదే మాట. ఎవరికీ తక్కువ కాకూడదని ఆమె పట్టుదల. వరస కదలదని నాకు విసుగు.

సునామీ తర్వాత పోర్ట్‌బ్లెయిర్ శిబిరంలో స్టీలు కంచాలు పంచుతున్నాం. కార్ నికోబార్ నుంచి ఓడలో వచ్చిన తెలుగతను ఒకడు ముందుకొచ్చాడు.

"ఇంట్లో ఎంతమంది భయ్యా?"

"నేను, మా ఆవిడ, మా అమ్మ, ఇద్దరు ఆడపిల్లలు..."

అతను చెప్పేకొద్దీ టీచరమ్మ ఒక్కో కంచం అతని చేతుల్లో పెడుతూ పోయింది. చివర్న "చంటోడు" అన్నాడు. చిన్న గిన్నె వెతికి మరీ పైన పెట్టింది.

అతను ఆ దొంతర వైపు కాసేపు చూశాడు.

"సబ్ పానీ మే గయా దీదీ. అందరూ నీళ్లలో పోయారు. నేనొక్కణ్ణే ఉన్నాను."

కంచాలన్నీ బల్ల మీద పెట్టేసి, చిన్న గిన్నె మాత్రం ఉంచుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కూడా టీచరమ్మ క్లబ్బుకు వచ్చేది, పంచేది. ఎవరైనా "దీదీ, మేం..." అని మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టేది.

"చెప్పొద్దు. కావలసినన్ని తీసుకోండి."

వరస చివరివాళ్లకు ఏమీ మిగిలేది కాదు.