రెండు కొండల మధ్య సూర్యుడు

బు పర్తినా ఇరవై ఆరేళ్ళ పాటు పిల్లల చేత ఒకే ఒక్క బొమ్మ వేయించింది. రెండు కొండలు, వాటి మధ్య సగం పొడిచిన సూర్యుడు, కొండల కాళ్ళ దగ్గర మొదలై మెలికలు తిరుగుతూ వచ్చే దారి, దారికి అటూ ఇటూ వరిమళ్ళు, పైన టిక్కు గుర్తుల్లాంటి నాలుగు పక్షులు. మా దేశంలో ఏ పిల్లకి కాగితం ఇచ్చినా ఇదే వేస్తుంది. మేమూ చిన్నప్పుడు ఇదే వేశాం. కాబట్టి తప్పంతా ఆవిడదేనని అనను. మిగతా వాళ్ళు అలవాటు కొద్దీ వేసే బొమ్మని ఆవిడ శాస్త్రం చేసి కూర్చోబెట్టింది, అదీ నా కోపం.

ఆవిడ మా చిన్నపిల్లల బడికి పెద్ద. మా వైపు 'బు' అంటే అమ్మగారు, 'బు గురు' అంటే పంతులమ్మగారు. నేను ఆవిడ కింద పంతొమ్మిదేళ్ళు పనిచేశాను. ఆవిడ బొమ్మలు నేర్పే పద్ధతి లెక్కపెట్టడం. రూళ్ళకర్రతో బల్ల మీద కొట్టి "ఒకటి!" అంటే ఇరవై ఎనిమిది మంది పిల్లలు ఎడమ కొండ గీయాలి. "రెండు!" అంటే కుడి కొండ. "మూడు!" అంటే సూర్యుడు. కిరణాలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, మొత్తం తొమ్మిది. పది గీసిన వాడిని నిలబెట్టి వేళ్ళ మీద అంకెలు మళ్ళీ చెప్పించేది. పెళ్ళికి ముందు ఆవిడ కుట్టుబడిలో చదివింది. కాగితం నమూనా గుడ్డ మీద పరిచి, గీత దాటకుండా కత్తిరించడం అక్కడ నేర్చింది. ఆ తర్వాత ఇంకేమీ నేర్చుకోలేదని నా అభిప్రాయం.

ఇందులో నన్ను చంపేసే సంగతి ఇంకొకటి ఉంది. మా ఊరికి సుంబింగ్, సిందోరో కొండలు రెండూ పడమర దిక్కున ఉన్నాయి. వాటి వైపు తిరిగి నిలబడితే పొద్దున సూర్యుడు మా వీపుల వెనక పొడుస్తాడు. ఆ కొండల వైపు దిగేది సాయంత్రం. ఈ ఊళ్ళోనే పుట్టి, పెరిగి, రోజూ పొద్దున్నే తడిబట్టలు పట్టుకుని తూర్పు గోడ దగ్గరికి నడిచే మనిషి, ఆ బొమ్మ కింద పిల్లల చేత 'ఉదయం' అని రాయించేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"బు, మన ఊళ్ళో సూర్యుడు అటు పొడవడు కదా?"

"బొమ్మలో పొడుస్తాడు, బు ముర్వనీ" అంది టీలో చక్కెర కలుపుకుంటూ. "ఉన్న నాలుగు బిస్కెట్లూ మీరే తినేశారా ఏంటి?"

బళ్ళోకి అడుగుపెట్టగానే అద్దాల బీరువా ఎదురవుతుంది. అందులో అరవై ఒక్క కప్పులు. అన్నీ ప్లాస్టిక్కువి, బంగారు రంగు పెచ్చులు ఊడుతున్నవి, అన్నీ రంగులు నింపే పోటీల్లో గెలిచినవి. ఆ పోటీల్లో పిల్లలు తాడు లోపల కూర్చుంటే తల్లులు తాడు బయట గొంతుక్కూర్చుని "నీలం వెయ్యరా, నీలం" అని గుసగుసలాడతారు. మా పెద్దావిడకి గుసగుసలు నామోషీ. ఆవిడ చెవి ముట్టుకుంటే నీలం, ముక్కు ముట్టుకుంటే పసుపు, గడ్డం గోక్కుంటే ఆకుపచ్చ. పోటీ జరిగినంతసేపూ ఒళ్ళంతా చీమలు పాకుతున్న మనిషిలా నిలబడి, కప్పు చేతికి రాగానే పిల్ల కంటే ముందు తను ఫొటోకి తయారయ్యేది.

ఒక్క మాట ఒప్పుకోవాలి, ఒప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయినా. పిల్లలకి ఆవిడంటే ప్రాణం. బడి వదిలాక ఆవిడ చెయ్యి పట్టుకోవడానికి కొట్టుకునేవాళ్ళు. ఒకరోజు నేను పిల్లల్ని వాళ్ళ ఇష్టానికి వదిలేసి బొమ్మలు వేయించాను. గంట గడిచేసరికి సగం మంది ఏడుస్తున్నారు, మిగతా సగం మంది "ఏం వెయ్యాలి బు గురు, ఏం వెయ్యాలి" అని నా చేతులు పట్టుకుని వేలాడుతున్నారు. ఆవిడ వచ్చి "ఒకటి!" అంది. అందరూ కళ్ళు తుడుచుకుని ఎడమ కొండ గీశారు.

"చూశారా?" అంది నాతో. "నా దగ్గర ప్రతి పిల్లా నుదుటి మీద నక్షత్రం అంటించుకుని నవ్వుతూ ఇంటికి పోతుంది. మీ స్వేచ్ఛ పుచ్చుకుని ఎవరు నవ్వారు?"

నేను వంగి కింద పడ్డ రంగులు ఏరాను. లోపల మాత్రం నువ్వెంత, నీ బతుకెంత అనుకున్నాను. పంతొమ్మిదేళ్ళు అలా అనుకోవడంతోనే సరిపెట్టాను.

నా పంతొమ్మిదో ఏడు జూలైలో కినాసి అనే పిల్ల చేరింది. సుంబింగ్ వాలు మీద ఆఖరి ఇల్లు వాళ్ళది, పొగాకు రైతులు. ఆరేళ్ళు ఇంకా నిండలేదు. మాట తక్కువ, ముక్కు ఎప్పుడూ కారుతుండేది. మొదటి వారంలో బు పర్తినా "రెండు!" అన్నప్పుడు ఆ పిల్ల చెయ్యి కదపలేదు.

"నీ రెండో కొండ ఏదే?"

"మా ఇంటి నుంచి కనపడదు బు గురు."

"కనపడకపోతే లేనట్టా? అక్కడే ఉంటుంది. గీయి."

"ఇది అడ్డం వస్తుంది" అని కినాసి తను గీసిన ఒక్క కొండ మీద వేలు పెట్టింది.

ఆ రోజు నక్షత్రం రానిది ఆ పిల్ల ఒక్కతికే. నేను ఆటల వేళ దాన్ని పక్కకి పిలిచి, ఖాళీ కాగితం ఇచ్చి, మీ ఇంటి దగ్గర పొద్దున ఎలా ఉంటుందో వెయ్యమన్నాను. పొగాకు కోతల కాలం. తరిగిన ఆకుని వెదురు తడకల మీద పరిచి రోడ్ల వెంట ఎండబెట్టే రోజులు. కినాసి ఆ తడకలు వేసింది, ఒకటి తర్వాత ఒకటి, కాగితం పట్టనన్ని. వంగి ఆకు పరుస్తున్న తల్లి వీపు వేసింది, మొహం లేదు. కొండ సగం వేసి వదిలేసింది, పైన మబ్బు ఉందట. సూర్యుడు ఎక్కడా లేడు. కానీ తడకల నుంచీ, తల్లి నుంచీ, ఇంటి నుంచీ నల్లటి పొడుగాటి చారలు కొండ వైపు పాకుతున్నాయి.

"ఇవేంటే?"

"నీడలు. పొద్దున నీడ మనిషి కంటే పొడుగు."

నీడ గీసిన పిల్లని నేను అంతకు ముందు చూడలేదు. సూర్యుణ్ణి గీయకుండా సూర్యుడు ఎక్కడున్నాడో చెప్పిన పిల్లని మళ్ళీ చూస్తానని కూడా అనుకోను. అప్పటి నుంచి నాకు కావలసింది ఒక్కటే అయింది. ఆ కళ్ళని పర్తినా రూళ్ళకర్ర నుంచి కాపాడాలి.

సెప్టెంబరులో జిల్లా నుంచి కబురొచ్చింది. ఈసారి రంగులు నింపే పోటీ లేదు. న్యాయనిర్ణేత బడికే వస్తుంది, పిల్లలు ఆవిడ ఎదుట తమ సొంత ఊహతో బొమ్మ వేయాలి. అంశం 'మా ఇంటి ఉదయం'. బు పర్తినా వెంటనే పట్నం పోయి సృజనాత్మకత మీద రెండు రోజుల శిక్షణ పూర్తిచేసుకుని, లామినేట్ చేయించిన సర్టిఫికెట్‌తో తిరిగొచ్చింది. మరునాడే కాలపట్టికలో 'స్వేచ్ఛ' అనే పీరియడ్ పెట్టింది. గురువారం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది వరకు.

ఆ స్వేచ్ఛ ఎలా ఉందంటే, ఆవిడ వరసగా నడుస్తూ ఊహలు పంచిపెట్టింది. "నీకు గాలిపటం. నీకు మేక. నీకు బస్సు. కొండలూ సూర్యుడూ అందరికీ ఉంటాయి, అవి పునాది. ఒకసారి ఇచ్చిన ఊహని ఎవరూ మార్చకూడదు, రేపు వచ్చి నాకు బస్సు వద్దంటే కుదరదు." న్యాయనిర్ణేత ఏం అడిగినా అందరూ కలిసి "ఇది మా సొంత ఊహ!" అనాలని వారం రోజులు వల్లె వేయించింది. నేను మొహం పక్కకి తిప్పుకుని పళ్ళు కొరుక్కున్నాను.

కినాసికి బాతు వచ్చింది.

"మాకు బాతు లేదు బు గురు" అంది పిల్ల.

బు పర్తినా సాయంత్రం తలుపు దగ్గరికి వేసి నాతో అంది: "పోటీ రోజున ఆ పిల్లకి జ్వరం."

"ఇప్పుడు బాగానే ఉందిగా?"

"ఆ రోజు వస్తుంది. వాళ్ళమ్మతో నేను మాట్లాడతాను. ఇరవై ఏడు శుభ్రమైన బొమ్మల మధ్య అది గీసే ఆ నల్ల చారలేంటండీ, కాగితం మీద కాఫీ ఒలికినట్టు? నా బడి పరువు ఏం కావాలి?"

ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే నాకొక ఉపాయం తట్టింది, దాని తెలివికి నేనే మురిసిపోయాను. "పది రోజులు నాకు వదిలేయండి బు, దానికి నేను నేర్పిస్తాను" అన్నాను. ఆవిడ ఆశ్చర్యపడి, ఇన్నాళ్ళకి నాకు బుద్ధి వచ్చిందని సంతోషించి, సరేనంది. నా లెక్క వేరు. రెండు కొండల బొమ్మ ఆ పిల్ల చేత వేయించి పర్తినా నోరు మూయిస్తాను. పోటీ రోజున మాత్రం చెవిలో, నీ బొమ్మే నువ్వు వెయ్యి అంటాను. పట్నం నుంచి వచ్చిన మనిషి ఎదుట ఆ నీడలు పడతాయి. పర్తినా మొహం చూడాలి అప్పుడు. అసలు సంగతి కినాసికి ముందుగా చెప్పలేదు. పిల్ల నోట్లో మాట దాగదు కదా.

బడి వదిలాక రోజూ ఇద్దరం కూర్చున్నాం. మొదట్లో దాని చెయ్యి బిగుసుకుపోయేది. నేను ఆ చేతి మీద నా చెయ్యి వేసి గీయించాను.

"సూర్యుడు ఇక్కడెందుకు బు గురు?"

"ఇక్కడైతే బాగుంటాడు."

"నీడ ఎటు వెయ్యాలి?"

"నీడలు వద్దమ్మా. ఈ బొమ్మలో నీడలు ఉండవు."

ఒకసారి మరచిపోయి బాతు వెనక నల్ల చార లాగింది. నేనే రబ్బరు తీసుకుని చెరిపాను. మైనపు రంగు చెరగక కాగితం మురికైతే కొత్త కాగితం ఇచ్చాను. అయిదో రోజుకి ప్రశ్నలు ఆగిపోయాయి. ఏడో రోజున "ఒకటి, రెండు, మూడు" అని తనే లెక్కపెట్టుకుంటూ గీసింది. నేను నక్షత్రం అంటించాను. అది నుదుటి మీద నక్షత్రం పెట్టుకుని ఊళ్ళో నడిచివెళ్తే మిగతా పిల్లలు తాడాటలోకి పిలిచారట. మర్నాడు బళ్ళో మొదటిసారి గట్టిగా నవ్వింది. చూడముచ్చటగా ఉందనుకున్నాను, నిజం చెబుతున్నాను.

పోటీ రోజు వచ్చింది. న్యాయనిర్ణేత బు రెత్నో అనే పెద్దావిడ, తెల్లజుట్టు, అరిగిన చెప్పులు. పర్తినా చేయించిన తెంపే, అదే సోయాగింజల అచ్చుల వేపుడు, ముట్టుకోలేదు. చాపలు బయట పరిపించి, పిల్లల్ని కొండల వైపు మొహం పెట్టించి కూర్చోబెట్టింది. ఏడున్నర అయింది. ఎండ పిల్లల వీపుల మీద పడుతోంది, ఎవరి నీడ వాళ్ళ కాగితం మీద పరుచుకుని ఉంది. ఇరవై ఎనిమిది మందీ ఆ నీడ మీదే ఎడమ కొండ మొదలుపెట్టారు.

బు రెత్నో బస్సు వేస్తున్న పిల్లవాడి దగ్గర కూర్చుంది. "నాన్నా, సూర్యుడు ఏడీ?"

వాడు వెనక్కి తిరక్కుండా బొటనవేలు భుజం మీదుగా చూపించాడు.

"మరి కాగితంలో ఇక్కడ ఏం చేస్తున్నాడు?"

"కాగితంలో ఎప్పుడూ ఇక్కడే ఉంటాడు బు."

"ఎవరు చెప్పారు నీకు?"

పర్తినా గొంతు సవరించుకుంది. వెంటనే పెరడంతా దద్దరిల్లేలా "ఇది మా సొంత ఊహ!" అని కేక లేచింది. బు రెత్నో కలం మూత పెట్టేసింది. పర్తినా మొహం చేటంత అయింది. ఇంత జరిగినా ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పంతొమ్మిదేళ్ళ కసి ఆ ఒక్క నిమిషంలో తీరిపోతోంది. ఇక కినాసి ఒక్కతే మిగిలింది. వెళ్ళి దాని వెనక గొంతుక్కూర్చుని చెవిలో చెప్పాను.

"కినాసీ, ఇది పక్కన పెట్టు. నీ బొమ్మ వెయ్యి. తడకలు, అమ్మ, నీడలు. నీకు కనపడేది వెయ్యి తల్లీ."

అది నా వైపు అనుమానంగా చూసింది. కాగితాన్ని మోచేత్తో కప్పుకుంది.

"అది తప్పు బొమ్మ కదా బు గురు."

"కాదే. అదే సరైనది. నేను చెబుతున్నాగా."

"మీరే చెరిపారు" అంది. నన్ను మందలిస్తున్నట్టు కూడా లేదు, మరచిపోయిన సంగతి గుర్తు చేస్తున్నట్టుంది. మళ్ళీ వంగి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటూ కిరణాలు గీసింది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. చేతిలో వణుకు లేదు. మొత్తం ఇరవై ఎనిమిదింటిలో అంత శుభ్రమైన బొమ్మ ఇంకొకటి లేదు.

బు రెత్నో ఎప్పుడు వచ్చి నిలబడిందో నేను చూడలేదు.

"ఎంత పొందిగ్గా వేశావమ్మా" అంది. "నీకు ఇది ఎవరు నేర్పారు?"

కినాసి మొహం వెలిగిపోయింది. లేచి నిలబడి, అందరికీ కనపడేలా చెయ్యి చాపి నన్ను చూపించింది. న్యాయనిర్ణేత నన్ను పైనుంచి కింద దాకా ఒకసారి చూసి, పక్క చాప దగ్గరికి వెళ్ళిపోయింది. పంతొమ్మిదేళ్ళు నేను పర్తినాని చూసిన చూపు అదే.