నియంగల దుంప

వానలు ముఖం చాటేసిన ఆ ఏడు అనురాధపురం అవతలి అడవి పల్లెల్లో జనం దుంపలు తవ్వుకుని బతికారు. మంత్రసాని హీన్ మెనికా ఇంట్లోనూ అదే తిండి. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది చిన్న కూతురు కుసుమా, చూపు మందగించిన అత్త కిరిఎతనా.

కాన్పు కష్టమైతే మెనికా నియంగల దుంప నూరి తల్లి అరికాళ్లకు పట్టించేది. కంచెల మీద మంటలా పూసే అగ్నిశిఖ తీగ అది. బిడ్డ బయటపడగానే ఆ ముద్దను కడిగెయ్యాలి, లేకపోతే ప్రాణం మీదికొస్తుందని ఆమె తల్లి నేర్పింది. కీళ్లనొప్పుల పట్టుకైతే ముక్కలు కోసి, విషం విరగడానికి ఉప్పు మజ్జిగలో నానేసేది. అలా నానేసిన కుండను పొయ్యి మీది అటకపై ఉంచి, ఒకనాడు పొరుగూరి కాన్పుకు వెళ్లింది.

కుసుమా ఆకలని ఏడ్చింది. ముసలమ్మ అటక తడిమింది. మజ్జిగ వాసన తగిలేసరికి, కోడలు తమకు పెట్టకుండా దాచుకుందని గొణుక్కుంటూ ముక్కల్ని ఉడకేసింది.

మెనికా తిరిగొచ్చేసరికి ఇద్దరూ వాంతులతో మెలికలు తిరుగుతున్నారు. పొయ్యి పక్కన మజ్జిగ కుండ ఖాళీగా ఉంది.

"ఎంత తిన్నారత్తా?"

"దానికే ఎక్కువ పెట్టానే. ఎదిగే పిల్ల కదా."

ఆ విషానికి విరుగుడు లేదని మెనికాకు తెలుసు. ఎవరి కాళ్లో పట్టుకుని బండి కట్టించింది. బక్కచిక్కిన ఎద్దులు నడవలేకపోతుంటే తనే దిగి బండిని తోసింది. ముసలమ్మ ఆసుపత్రిలో పోయింది. పిల్ల చావు అంచుదాకా వెళ్లి బతికింది. కానీ ఇంటికొచ్చాక జుట్టంతా కుచ్చులు కుచ్చులుగా ఊడి, నున్నటి తల మిగిలింది.

మెనికా కంచెల్లోని తీగలన్నీ పెరికి తగలబెట్టింది. అది అత్తను చంపిన చెయ్యి అని ఊళ్లో అనుకున్నారు.

కొన్నాళ్లకు పక్కూరి పొడిఅప్పు వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. పెళ్లానికి నిన్నటి నుంచి నొప్పులు, బిడ్డ దిగడం లేదు.

"ఆసుపత్రికి తీసుకుపో."

"ఎద్దులు చచ్చాయక్కా. నువ్వు రాకపోతే అదీ పోతుంది."

మెనికా దుంప ముట్టనని చెప్పే వెళ్లింది. నూనె రాసింది, కాపడం పెట్టింది. ఏదీ పని చెయ్యలేదు, పొడిఅప్పు పెళ్లాం కళ్లు తేలేస్తోంది. చివరికి పొడిఅప్పును అడవిలోకి పంపి దుంప తెప్పించింది. తనే నూరి అరికాళ్లకు పట్టించింది.

బిడ్డ పడింది, కేర్‌మంది. మెనికా బాలింత కాళ్లను బూడిదతో తోముతూనే ఉండిపోయింది.

"చాలక్కా, తోలు ఊడొస్తోంది," అంది బాలింత నీరసంగా.

మెనికా తన చేతులు కడుక్కుని, మళ్లీ కడుక్కుని ఇంటికొచ్చి, పొడిఅప్పు ఇచ్చిన గుప్పెడు రాగి పిండితో రొట్టె కాల్చింది. కుసుమా రొట్టె ముందు కదలకుండా కూర్చుంది. తల్లి ఒక ముక్క తుంచుకుని నమిలి మింగేదాకా ఆగి, అప్పుడు తినడం మొదలుపెట్టింది.